యాభై దాటాక మళ్లీ మౌంటెన్ బైక్: నేను దిగుడునే ఎందుకు ఎంచుకున్నాను

యాభై దాటిన తర్వాత మౌంటెన్ బైక్ కొంటానన్నప్పుడు ఇంట్లో ఎదురైన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, గుండె గురించి. న్యాయమైన ప్రశ్నే కనుక ముందుగా ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాను. గుండెకు ఏ ఇబ్బందీ లేదని తేలింది కానీ, కుడి మోకాలి చిప్ప వెనుక మృదులాస్థి కొంత అరిగిందనీ, బరువైన గేరులో బలవంతంగా తొక్కవద్దనీ ఎముకల డాక్టరు గారు హెచ్చరించారు. మదనపల్లెలో చదువుకునే రోజుల్లో రేంజర్ సైకిలు మీద హార్స్‌లీ కొండల ఘాట్ రోడ్డు దిగడమే నాకున్న పూర్వానుభవం. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక సైకిలు ముట్టుకున్నదే లేదు.

ఈ ఊళ్లో సైకిలు తొక్కేవారందరి గమ్యం నందికొండ, అంటే నంది హిల్స్. నగరం నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరం, శిఖరం సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తు. ఆదివారం తెల్లవారుజామున అక్కడ వినిపించే మాటలన్నీ ఎవరు ఎంతసేపట్లో ఎక్కారన్న దాని చుట్టూనే తిరుగుతాయి. నేనూ తేలిక గేరులో, ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కాను. మోకాలు సహకరించింది, మనసే సహకరించలేదు; ఎక్కుతున్నంతసేపూ ధ్యాసంతా దిగడం మీదే ఉండేది. అయితే తారు రోడ్డు మీద, కార్ల మధ్య దిగడంలో నాకు తృప్తి కలగలేదు. నాకు కావలసింది రాళ్లూ మలుపులూ ఉన్న మట్టిదారి.

"ఎక్కకుండా దిగడంలో గొప్పేముందండీ?" అని మా అపార్ట్‌మెంటులో రోడ్డు సైకిలు తొక్కే మిత్రుడొకరు అడిగారు. చరిత్ర ఆయన పక్షాన లేదు. కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో 1976 అక్టోబరులో మొదలైన రీప్యాక్ పందేలు కేవలం దిగుడు పందేలే. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ వంటివారు బరువైన పాతకాలపు సైకిళ్ల మీద సుమారు 400 మీటర్ల ఎత్తును మూడున్నర కిలోమీటర్ల లోపే దిగేవారు. వెనుక హబ్బులోని బ్రేకు వేడికి గ్రీజు పొగలై పోయి మళ్లీ నింపుకోవలసి వచ్చేది. మౌంటెన్ బైక్ రూపుదిద్దుకున్నదే ఆ దిగుళ్ల మీద. 1990లో డ్యురాంగోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డౌన్‌హిల్‌కు, అంటే దిగుడు పందేనికి, చోటు దక్కింది కానీ, 1996లో ఒలింపిక్స్‌కు వెళ్లింది ఎక్కుడూ దిగుడూ కలిసిన క్రాస్ కంట్రీ ఒక్కటే. ఆ వివక్ష నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

సెకండ్‌హ్యాండులో దొరికిన నా సైకిలుకు 29 అంగుళాల చక్రాలు, కుదుపులు మింగడానికి 140 మిల్లీమీటర్ల దాకా కుంగే ముందు ఫోర్కు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, బటన్ నొక్కితే కిందికి దిగిపోయే సీటు ఉన్నాయి. దిగేవాడికి వీటిలో అన్నిటికన్నా ఉపకరించేది ఆ సీటే, ఎందుకంటే అది అడ్డు తొలగితే తప్ప ఒంటిని కిందికి దించి బరువును అదుపులో ఉంచుకోవడం కుదరదు. ఫోర్కు సరిచేసిన మెకానిక్ కుర్రాడు కోలారు వైపువాడు, తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. "సార్, రోజూ వేసుకునే బూట్లూ బ్యాగుతోనే ఎక్కండి" అని, నన్ను పెడళ్ల మీద నిలబెట్టి, ఫోర్కు గొట్టానికున్న రబ్బరు రింగును కిందికి నెట్టి, నేను మెల్లగా దిగాక స్కేలుతో కొలిచాడు. నా బరువుకు ఫోర్కు దాని మొత్తంలో నాలుగో వంతు, అంటే 35 మిల్లీమీటర్లు కుంగాలట; 22 మాత్రమే కుంగింది. ఫోర్కులోని గాలి కొంచెం కొంచెంగా వదులుతూ ఆ కొలతకు వచ్చేదాకా అతను నన్ను ఎక్కించి దించుతూనే ఉన్నాడు. టైర్లను ట్యూబ్‌లెస్‌గా మార్చి, తుమ్మముళ్ల బెడదకు లోపల సీలెంట్ ద్రవం పోసి, టైర్లలో గాలి పాతిక పీఎస్‌ఐకి అటూ ఇటూగా ఉంచమన్నాడు. రేంజర్ టైర్లను రాయిలా గట్టిపడేదాకా కొట్టించిన నా చేతికి అవి పంచరైనట్టే తోచాయి. కానీ మెత్తని టైరే రాయిని ఒడిసి పట్టుకుంటుంది.

సాధన యలహంక దాటాక వచ్చే అవలహళ్లి వైపు నీలగిరి తోపుల్లో మొదలుపెట్టాను. అటవీ భూముల్లో సైకిళ్లకు అనుమతి ఎప్పుడూ ఒకేలా ఉండదు కనుక ముందుగా కనుక్కుని వెళ్లడం నా పద్ధతి. ఇక్కడి ఎర్రనేల ఎండాకాలంలో పైన సన్నకంకర, కింద గట్టినేలగా మారి, చక్రానికి గోళీలు పరిచినట్టుంటుంది. ఒక మోస్తరు వాన పడిన మర్నాడే పట్టు బాగుంటుంది. అటువంటి నేల మీద మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే చక్రం పక్కకు జారిపోతుంది. అందువల్ల వేగమంతా మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే తగ్గించుకుని, మలుపులో వేళ్లు సడలించాలి. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, కాబట్టి దాన్ని మానుకోవడం పరిష్కారం కాదు. ఒక్క చూపుడువేలితో, కొద్దికొద్దిగా నొక్కడం అలవడాలి. పెడళ్లు నేలకు సమాంతరంగా, మడమలు కిందికి, మోచేతులు బయటికి, చూపు చక్రం ముందున్న రాయి మీద కాక దాని తర్వాతి మలుపు మీద. చదవడానికి సులువే కానీ, కళ్లు మాత్రం రాయినే వెతుక్కుంటాయి, చూసిన చోటికే సైకిలు పోతుంది.

దిగుడు తేలిక వ్యాయామమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తొడలు మండుతాయి, ముంజేతులు బిగుసుకుపోయి కింద ఆగాక నీళ్ల సీసా మూత తిప్పడం కూడా కష్టమవుతుంది. మోకాలికి మాత్రం ఎక్కుడు కన్నా ఇదే నయమని నా విషయంలో తేలింది. పొట్టి గుట్టలైతే సైకిలు నెట్టుకుంటూ నడుస్తాను, పొడవైన దారులకు ముగ్గురం కలిసి టాటా ఏస్ మాట్లాడుకుంటాం. గడ్డం దాకా కప్పే హెల్మెట్, మోకాలి కవచాలు లేకుండా బయలుదేరితే మా ఆవిడ గేటు దగ్గరే ఆపేస్తుంది.

ప్రస్తుతం ఎడమ మలుపులు బాగానే వస్తున్నాయి, ఇరుకైన కుడి మలుపుల్లో ఇంకా కాలు నేలకు ఆనిస్తున్నాను. ఖాళీగా ఉన్న పార్కింగు స్థలంలో రెండు ఇటుకలు పెట్టి, వాటి చుట్టూ కుడివైపుకే తిరుగుతూ అభ్యాసం చేస్తున్నాను.