ఎడమ కంటి గురి

ప్రతి గురువారం సాయంత్రం నేను చాప మీద బోర్లా పడుకుని, 25 గజాల దూరంలో ఉన్న కాగితాన్ని రైఫిల్‌తో కొడతాను. ఏడాదిన్నరగా ఇదే అలవాటు. ఫోనులో మొదటిసారి ఈ సంగతి చెప్పినప్పుడు అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "తుపాకులతో నీకేమి పని అమ్మాయ్, ఎవరి మీద?" అని అడిగింది. తెనాలిలో కూర్చున్న మనిషికి తుపాకీ అంటే పోలీసులూ, సినిమాలూ గుర్తుకు రావడం సహజం. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

నేను ఉండేది ఇంగ్లండులో, లెస్టర్‌కు దగ్గరలోని చిన్న ఊళ్లో. ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం. 2012 ఒలింపిక్స్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన గగన్ నారంగ్ లండన్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచినప్పుడు టీవీ ముందు నిలబడి చూశాను. ఆ నిశ్చలత నాకూ కావాలనిపించింది. కోరిక అలాగే ఉండిపోయింది. పదేళ్లు దాటాక గ్రంథాలయం గోడ మీద మా క్లబ్బు కాగితం కనిపించింది.

క్రికెట్ మైదానం వెనక రేకుల షెడ్డు. ఆరు చాపలు, రెండు హీటర్లు. జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు. కార్యదర్శి పోస్టుమన్‌గా పనిచేసి విరమించిన పెద్దాయన, లెక్కలు చూసేది ఒక పంతులమ్మ. తలుపులు తెరవడం, కాల్పులు జరుగుతున్నాయని తెలిపే ఎర్రజెండా ఎగరవేయడం, నేల తుడవడం అన్నీ వంతులవారీగా జరుగుతాయి.

మొదటి రోజు ఆ పెద్దాయన నా చేతికి రైఫిల్ ఇవ్వలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ల మధ్య చిన్న ముక్కోణం చేసి, అందులోంచి గోడ గడియారాన్ని చూడమన్నాడు. చూపు తిప్పకుండా చేతులను ముఖం దాకా తెచ్చుకోమన్నాడు. అవి నేరుగా ఎడమ కంటి దగ్గరికి వచ్చి ఆగాయి. "నువ్వు ఎడమచేతి వాటమా?" అని అడిగాడు. కాదని చెప్పబోయి ఆగిపోయాను. చిన్నప్పుడు నేను ఎడమచేత్తోనే పలక మీద రాసేదాన్ని. ఒకటో తరగతిలో బెత్తంతో ఆ అలవాటు మాన్పించారు. చెయ్యి మారింది కానీ కన్ను మారలేదు. నలభై ఏళ్లు దాటాక, నా గురించి నాకే తెలియని సంగతిని ఒక పరాయి మనిషి ఒక్క నిమిషంలో కనిపెట్టాడు. అలమరలోంచి ఎడమచేతి వాటం వాళ్లకోసం చేసిన రైఫిల్ తీశాడు. దాన్ని చెంపకు ఆనించుకున్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక్కడ క్లబ్బులో చేరడం ఒక్కరోజు పని కాదు. జైలు శిక్ష కారణంగా తుపాకీ పట్టకూడదన్న నిషేధం తనకు లేదని ముందే సంతకం చేయాలి. పోలీసులకు పేరు వెళుతుంది. కనీసం మూడు నెలలు పరిశీలనలో ఉండాలి, అన్నాళ్లూ పక్కన ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. 1996 మార్చిలో స్కాట్లండులోని డన్‌బ్లేన్ బడిలో పదహారుమంది పిల్లల్నీ, వాళ్ల టీచరునీ ఒకడు కాల్చి చంపాడు. ఆ మరుసటి ఏడాదే పిస్తోళ్లను నిషేధించారు. ఆ పిల్లల సంగతి తెలిశాక ఈ కట్టుబాట్లలో ఒక్కటి కూడా నాకు ఎక్కువ అనిపించలేదు.

రెండో నెలలో ఒక తప్పు చేశాను. కాల్చడం అయ్యాక, రైఫిల్ ఖాళీ అని అందరికీ కనిపించేలా తూటా పెట్టే చోట రంగు ప్లాస్టిక్ పుల్ల గుచ్చాలి. అది మరిచి లేచాను. ఎవరూ కేకలు వేయలేదు. ఆ సాయంత్రానికి నీ కాల్పులు అయిపోయాయన్నారు, అంతే. తొమ్మిది దాకా ఉండి చాపలు చుట్టాను. ఆ పని చేయించినందుకు వాళ్లమీద గౌరవం పెరిగింది.

కాల్చడంలో కష్టమంతా కాల్చకుండా ఆగడంలోనే ఉంది. ముందున్న రింగులో నల్లని చుక్క, చుట్టూ సమానంగా తెల్లని అంచు కనిపించాలి. ఊపిరి సగం వదిలి ఆపి, వేలును మెల్లగా నొక్కాలి. ఎనిమిది, పది సెకన్లు దాటితే చూపు అలుక్కుపోతుంది. అప్పుడు దించేసి మళ్లీ ఊపిరి పీల్చుకోవాలి. కాగితం మీద పది గుండ్రాలు, ఒక్కోదానికి ఒక్కటే తూటా, మొత్తం నూరు మార్కులు. పోటీలు పోస్టులో జరుగుతాయి. ఎవరి షెడ్డులో వాళ్లు కాల్చి, పక్కవాళ్ల సాక్షి సంతకంతో కాగితాలు పంపుతారు. 'ఆ డాక్టరు మీద నాకు గురి' అంటుంది అమ్మ. అవతలి ఊరి క్లబ్బు మా కాగితాన్ని నమ్మడం కూడా ఆ గురే.

షెడ్డు గోడకు లార్డ్ రాబర్ట్స్ ఫోటో ఉంది. 1832లో కాన్పూరులో పుట్టిన బ్రిటిష్ సైన్యాధిపతి. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధం నాటి అనుభవంతో, మామూలు శ్రామికులు కూడా గురి నేర్చుకోవాలని ఆయన ప్రచారం చేశాడు. 1901లో మొదలైన శ్రామికుల రైఫిల్ క్లబ్బుల సంఘమే ఇప్పటి జాతీయ స్మాల్‌బోర్ (చిన్న తూటాల) రైఫిల్ సంఘం. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతి కూడా ఆయనే. దక్షిణాది సిపాయిలు యుద్ధానికి పనికిరారని తేల్చి, ఉత్తరాదివాళ్లకు పెద్దపీట వేయించాడు. ఆ సైన్యంలో మన తెలుగువాళ్లు ఎందరో ఉండేవారు. ఇది నాకు మింగుడుపడలేదు, ఒక గురువారం అందరికీ చెప్పాను. కార్యదర్శి శ్రద్ధగా విని, ఒక పేజీలో రాసిమ్మన్నాడు. ఇప్పుడది ఆ ఫోటో కిందే అంటించి ఉంది. నేను దానికి ఎదురుగా పడుకుని కాలుస్తాను. ఇప్పటిదాకా నా ఉత్తమ స్కోరు 94.

రేకు కారుతోంది. మనిషిని పెట్టి చేయించేంత డబ్బు లేదు కాబట్టి వచ్చే శనివారం మేమే ఎక్కి వేస్తున్నాం. పన్నెండుమందికి పులిహోర నా వంతు. తూటాల నుంచి వచ్చే సీసం దుమ్ము వల్ల షెడ్డు లోపల తినకూడదు. చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కుని బయట కార్ల దగ్గర తింటాం.