ఫెన్‌వే పార్క్‌లో ఆ శుక్రవారం

2006 ఆగస్టు 18, బేస్‌బాల్ డబుల్‌హెడర్, అంటే ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. రెండూ మన న్యూయార్క్ యాంకీసే గెలిచారు! అదీ బోస్టన్ రెడ్ సాక్స్ సొంత గడ్డ ఫెన్‌వే పార్క్‌లో. ఇన్నేళ్లయినా ఆగస్టు వస్తే నాకు అదే గుర్తొస్తుంది.

ఇండియా టైం ప్రకారం మొదటి మ్యాచ్ శుక్రవారం రాత్రి పదిన్నర దాటాక మొదలైంది, 12-4తో సులువుగానే గెలిచారు. అసలు టెన్షనంతా రెండోదే. బీటీఎం లేఅవుట్ రూంలో తెల్లవారుజాము నుంచి కంప్యూటర్‌లో స్కోర్ చూస్తూ కూర్చున్నాను, రూమ్మేట్ లేచి "ఏంట్రా, ఇంకా అవలేదా" అని అడిగి టిఫిన్‌కి వెళ్లి వచ్చినా నేను కదల్లేదు, ఎందుకంటే అప్పటికి మనవాళ్లు 10-7తో వెనకబడి ఉన్నారు. ఏడో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌ల మీదా మన రన్నర్లే ఉన్నప్పుడు మన డెరెక్ జీటర్ కొట్టిన డబుల్ (కొట్టినవాడు రెండో బేస్ దాకా చేరే షాట్) చూడండి, మూడు రన్‌లు! ఆ ఒక్క ఇన్నింగ్స్‌లోనే ఏడు రన్‌లు. చివరికి 14-11. ఆ తొమ్మిది ఇన్నింగ్స్‌కి 4 గంటల 45 నిమిషాలు పట్టింది, తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్‌లలో అప్పటికి అదే అత్యంత సుదీర్ఘమైనదిగా రికార్డు.

అంతకు ముందు సీజన్ వరకూ బోస్టన్‌కి ఆడిన జానీ డేమన్ మన జెర్సీలో అక్కడ ఆడుతుంటే ఆ జనం ఎంత గోల చేశారో!

తర్వాత ఆ సిరీస్‌లో మిగతా మూడూ గెలిచి ఐదుకి ఐదు చేశారు, పట్టికలో బోస్టన్ మీద ఉన్న ఒకటిన్నర గేమ్‌ల ఆధిక్యం ఆరున్నర అయింది. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్ చేతిలో ఓడిపోయారు, బాధే. అయినా నాకు ఆ శుక్రవారమే ఎక్కువ.

బెంగళూరులో యాంకీస్ అభిమానులు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, కలిసి చూద్దాం.