ఫ్లాష్ పాఠాలు ఫోన్‌కెక్కిన వైనం

2020 లాక్‌డౌన్‌లో మహబూబ్‌నగర్‌లోని మా కోచింగ్ సెంటర్ పాత వీడియో పాఠాలన్నీ నా నెత్తిన పడ్డాయి. వెబ్‌సైట్ చూసుకునేది నేనే మరి. పాఠాలేమో ఎప్పుడో ఫ్లాష్ ప్లేయర్ (బ్రౌజర్‌లో వీడియోలు ఆడించడానికి వేసుకునే ప్లగిన్, అంటే అదనపు సాఫ్ట్‌వేర్) కోసం తయారైనవి, పిల్లల దగ్గరున్నవేమో ఫోన్లు. అచ్చంపేట నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసి, "సార్, తెర నల్లగనే ఉంది, ఏం వస్తలేదు" అన్నాడు.

ఎలా వస్తుంది? 2007లో మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచీ ఐఫోన్ ఫ్లాష్‌ను దగ్గరికి రానివ్వలేదు. ఆండ్రాయిడ్‌లో కొన్నాళ్లు నడిచింది గానీ, 2011 నవంబర్‌లో ఫోన్ల ఫ్లాష్‌ను ఇక ముందుకు తీసుకెళ్లబోమని దాని సొంత కంపెనీ అడోబీయే చెప్పేసింది. కంప్యూటర్లలో కూడా 2020 డిసెంబర్ 31తో సరి.

డైరెక్టర్ సార్ "యాప్ చేయిద్దాం" అన్నారు. ధర విన్నాక ఆ మాట ఎత్తలేదు. నాకైతే యాప్ కూడా ఇంకో ప్లగిన్‌లాగే తోచింది. దాన్ని ఇన్‌స్టాల్ చేయాలి, అప్‌డేట్ చేస్తూ ఉండాలి, అదీ మెమరీ నిండిపోయిన ఫోన్లలో! ఏ ప్లగినూ లేకుండా బ్రౌజర్‌లోనే వీడియో ఆడించే హెచ్‌టీఎంఎల్5 వీడియో ట్యాగ్ (వెబ్ పేజీలో రాసే చిన్న కోడ్) ఉండగా ఇదంతా దేనికి?

ట్యాగ్ రాయడం చిటికెలో పని. అసలు తిప్పలన్నీ ఫైళ్లతోనే. ఎఫ్ఎల్‌వీ అనే ఫ్లాష్ వీడియో ఫైల్ ఉత్త పెట్టె, లోపల ఏ కోడెక్ (వీడియోను, ఆడియోను కుదించే పద్ధతి) ఉందో తెరిచి చూడాలి. కొన్నింట్లో హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో ఉన్నాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో వాటిని ఉన్నవి ఉన్నట్టుగా ఎంపీ4లోకి మార్చేశాను. నాణ్యత ఏమీ తగ్గలేదు. అంతకంటే పాతవి సోరెన్సన్, వీపీ6 అనే పాత కోడెక్‌లలో ఉన్నాయి. వాటిని మళ్లీ ఎన్‌కోడ్ చేయక, అంటే కొత్త కోడెక్‌లోకి కుదించక తప్పదు. రాత్రిళ్లు కంప్యూటర్ ఆన్‌లో వదిలేసి పడుకునేవాడిని, కరెంట్ పోతుందేమోనని టెన్షన్. బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) మరీ తగ్గిస్తే లెక్కల సార్ బోర్డు మీద రాసిన ఘాతాంకాలు చదవరావు. అందుకే ఫ్రేమ్‌రేట్ (సెకనుకు చూపే బొమ్మల సంఖ్య) తగ్గించి, అక్షరాలు కాపాడాను.

హెచ్.264 స్పెసిఫికేషన్ అందరికీ అందుబాటులోనే ఉన్నా, దాని మీద పేటెంట్లున్నాయి. ఆ బాధ లేని వెబ్ఎమ్ అనే వీడియో ఫార్మాట్‌ను 2010లో గూగుల్ తెచ్చింది. మనసు దానివైపే లాగింది గానీ అప్పటి ఐఫోన్ బ్రౌజర్ సఫారీలో అది ఆడదు. పిల్లలకు పాఠం కావాలి, నా సిద్ధాంతం కాదు. హెచ్.264కే ఓటేశాను.

ఎంపీ4 మొదలు కావడానికి ఫోన్‌కు ముందు దాని సూచిక (ఫైల్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక) కావాలి. చాలాసార్లు అది ఫైల్ చివర ఉంటుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్లలో అందుకే వీడియో మొదలవడానికి చాలాసేపు పట్టేది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో 'ఫాస్ట్‌స్టార్ట్' అని చెబితే ఆ సూచికను ముందుకు తెస్తుంది.

పెద్ద పాఠాలను హెచ్ఎల్ఎస్ పద్ధతిలో చిన్న చిన్న ముక్కలుగా, రెండు నాణ్యతల్లో పెట్టాను. సిగ్నల్‌ను బట్టి ప్లేయరే ఏదో ఒకటి ఎంచుకుంటుంది. కంప్యూటర్ క్రోమ్ బ్రౌజర్ అప్పట్లో దాన్ని సొంతంగా ఆడించేది కాదు గనక, దాని కోసం మాత్రం ఒక చిన్న స్క్రిప్ట్ జోడించాల్సి వచ్చింది. చిన్న పాఠాలకు ఇంత హడావుడి అక్కర్లేదనిపించి వాటిని మామూలు ఎంపీ4గానే ఉంచేశాను.