స్వీడిష్ ‘ఫో’ నాకు ఎలా వచ్చిందంటే

గోథెన్‌బర్గ్‌లో ఒక ఆఫీసు. నా చేతిలో 74 నంబరు చీటీ. స్వీడన్‌లో చాలాచోట్ల ముందు మెషీన్ దగ్గర ఈ నంబరు చీటీ తీసుకోవాలి, దాన్ని ‘లాప్’ అంటారు. నా వంతు వచ్చింది. కౌంటర్‌లో ఆవిడ నా కాగితాలు తిరగేసి, నవ్వుతూనే “దూ ఫోర్ తా ఎన్ న్యూ లాప్” అంది.

అప్పటికి నాకు తెలిసినంతవరకు ‘ఫోర్’ అంటే అనుమతి. “కావాలంటే ఇంకో చీటీ తీసుకోవచ్చు” అంటోంది కాబోలు అనుకున్నాను. చేతిలో ఒకటి ఉంది కదా, ఇంకోటి ఎందుకని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. బోర్డు మీద నంబర్లు 90 దాటాయి. నలభై నిమిషాలయ్యాక పక్కనున్న పెద్దాయన నా చీటీ చూసి నెమ్మదిగా చెప్పారు. ఆవిడ అన్నది “వేరే లైన్‌కి మళ్ళీ కొత్త చీటీ తీసుకోవాలి” అని! ఆ లైన్ అప్పటికే మూసేశారు.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. అప్పుడు నేను ఎస్.ఎఫ్.ఐ.లో సి కోర్సులో ఉన్నాను. మన దగ్గర ఎస్.ఎఫ్.ఐ. అంటే విద్యార్థి సంఘం. ఇక్కడ మాత్రం బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళకు ఉచితంగా స్వీడిష్ నేర్పే చదువు, ఎ నుంచి డి దాకా నాలుగు కోర్సులు. పుస్తకంలో ఆ క్రియ రూపాలు నాలుగే: ఫో, ఫోర్, ఫిక్, ఫొత్. బట్టీ పట్టడానికి ఒక్క నిమిషం చాలు. అర్థాలే అంతు చిక్కలేదు. అందడం అన్నారు, అనుమతి అన్నారు, తప్పనిసరి అన్నారు. ఒకే మాటకు “చేయవచ్చు”, “చేయాలి” రెండూ అర్థాలైతే మనిషి ఏది నమ్మాలి? నాకు నిజంగా ఏడుపొచ్చింది.

రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. “పని కాలేదమ్మా, రేపు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది” అన్నాను. అన్నాక నా మాట నాకే కొత్తగా వినిపించింది. వెళ్ళాల్సి *వచ్చింది*. వెళ్ళ*వచ్చు*. రెండింట్లోనూ ఉన్నది ఒకే క్రియ! తప్పనిసరికీ అదే, అనుమతికీ అదే. నేను పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషలోనే ఈ చిక్కు ఉంది, అది చిక్కని కూడా నాకెప్పుడూ అనిపించలేదు.

ఫోన్ పెట్టేసి నోట్‌బుక్‌లో ఒక పేజీకి నడిమధ్యన గీత గీశాను. ఎడమవైపు “యా ఫిక్ ఎత్ బ్రేవ్”, కుడివైపు “నాకు ఉత్తరం వచ్చింది”. “యా ఫిక్ ఫేబెర్”, జ్వరం వచ్చింది. “యా ఫిక్ ఎత్ యొబ్”, ఉద్యోగం వచ్చింది. “యా ఫిక్ వెంతా”, ఆగాల్సి వచ్చింది. “ఫోర్ యా కొమ్మా ఇన్?”, లోపలికి రావచ్చా? “యా ఫిక్ వేతా” దగ్గర కాసేపు ఆగాను. నాకు తెలిసింది అని అర్థం. పేపర్లలో రాస్తారే, “తెలియవచ్చింది” అని, అచ్చంగా అదే!

అన్నిటికంటే సంతోషం కలిగించింది నిషేధం. “దూ ఫోర్ ఇంతె పార్కేరా హేర్” అంటే ఇక్కడ బండి ఆపకూడదు అని. ‘ఫోర్’ పక్కన ‘ఇంతె’, అంటే ‘కాదు’ చేరితే ఇక “అక్కర్లేదు” అన్న అర్థం ఉండదు, కచ్చితంగా “కూడదు” అనే. అక్కర్లేదు అనడానికి వేరే మాటలున్నాయి. మరి మన ‘వచ్చు’కు వ్యతిరేకం ఏమిటి? ‘రాదు’. చిన్నప్పుడు ఆర్టీసీ బస్సులో కూడబలుక్కుని చదివిన “పొగ త్రాగరాదు” కళ్ళ ముందుకొచ్చింది.

అన్నీ ఇలా కుదరలేదు. ఆ ఊపులో హోంవర్క్‌లో జ్వరం గురించి రాస్తూ ‘నాకు’ అనే లెక్కలో “మేయ్ ఫిక్ ఫేబెర్” అని రాశాను. టీచర్ ‘మేయ్’ చుట్టూ సున్నా చుట్టి పైన ‘యా’ అని రాశారు. యా అంటే నేను. మనకు జ్వరం తనంతట తాను వస్తుంది, ఉత్తరం వస్తుంది, కోపం వస్తుంది, మనం ‘నాకు’ అంటూ పక్కన నిలబడతాం. అక్కడ మనిషే కర్త. స్వీడిష్‌కు మూలమైన పాత నార్స్ భాషలో ఈ క్రియకు పట్టుకోవడం అనే అర్థం ఉండేది. జర్మన్‌లో పట్టుకోవడానికి వాడే ‘ఫాంగెన్’ దీని చుట్టమే. పట్టుకునేవాడు కర్త కాక ఏమవుతాడు? అలా అనుకున్నాక ఆ తప్పు మళ్ళీ చేయలేదు. ‘నాకు ఈత వచ్చు’ లాంటివి కూడా ‘ఫో’ కిందికి రావు, వాటికి ‘కన్’ వాడాలి.

నార్వేజియన్‌లోనూ ఫో, ఫోర్, ఫిక్, ఫొత్ అనే అంటారు. డేనిష్‌లో చివరి రూపం కాస్త మారుతుంది. ఐస్లాండిక్‌లో మాత్రం పాత రూపాలు ఇంకా మిగిలి ఉన్నాయి. పైగా స్వీడిష్‌లో ‘ఫోర్’ అంటే గొర్రె కూడా. “ఫోర్ ఫోర్ ఫోర్?” అని పిల్లలు అడుగుతారు, గొర్రెలకు గొర్రెలు పుడతాయా అని. జవాబు “నేయ్, ఫోర్ ఫోర్ లామ్”, గొర్రెపిల్లలు పుడతాయి.

ఇక “దూ ఫోర్” అన్నప్పుడు అనుమతో, తప్పనిసరో తేల్చుకోవడానికి నాకు పనికొచ్చింది ఒక్కటే. ఆ పని నేను కోరుకున్నదా, కాదా? నేను అడిగినదానికి జవాబైతే అనుమతి. అడక్కుండా నా నెత్తిన పడిందైతే చేయాల్సి వచ్చిందన్నమాట. ‘మొస్తె’ అంటే గట్టిగా “చేసి తీరాలి” అన్నట్టు ఉంటుంది. ‘ఫోర్’ కాస్త మెత్తన. కౌంటర్‌లో ఆవిడ నవ్వుతూ అన్నది అందుకేనని ఇప్పుడు అర్థమవుతోంది.

డి కోర్సు పరీక్షకు ముందు క్లాసులో ఇద్దరిద్దరం మాట్లాడే ప్రాక్టీసు. అపార్ట్‌మెంట్‌లో అందరికీ కలిపి ఉండే లాండ్రీ గది గురించి. నీ టైములో ఇంకొకరు బట్టలు వేసి ఉంటే ఏం చేస్తావని నా జోడీ అడిగింది. “దో ఫోర్ యా వెంతా” అన్నాను. అయితే ఆగాల్సి వస్తుంది. తడుముకోకుండా వచ్చేసింది. పాసవుతానా అని టీచర్‌ని అడిగితే “వీ ఫోర్ సే” అన్నారు. చూద్దాం.

ఫలితం చెప్పిన రోజు బస్టాప్ నుంచే అమ్మకు ఫోన్ చేశాను. “అమ్మా, పాసయ్యాను, సి గ్రేడ్ వచ్చింది.”