మాస్టారి సంచికలో నా పేజీ

పడుకునే వేళ దాటిపోయింది. అత్తయ్యగారి మాత్రలు అయ్యాయి, చిన్నదాని చదువూ అయింది, అయినా సాయంత్రం వచ్చిన ఫోను మనసులోంచి పోవడం లేదు. మా చదరంగం మాస్టారి సన్మానానికి పాత విద్యార్థులమందరం కలిసి వేయిస్తున్న సంచిక గురించి ఆ ఫోను. "అక్కా, మాస్టారి దగ్గర నేర్చుకుని పతకాలు తెచ్చినవాళ్ల పేర్లు పంపించండి, మొదటి పేజీలో వేద్దాం. హంపి, హారిక లాంటి పేరు ఒక్కటైనా ఉండుంటే సంచికకు నిండుదనం వచ్చేది" అన్నాడు ఆ అబ్బాయి. ఎంతో మర్యాదగా అన్నాడు కనుక ఆ క్షణాన ఏమీ అనలేకపోయాను గాని, అప్పటినుంచీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

పర్లాకిమిడిలో చదరంగం నేర్పడమంటే ఏమిటో ఆ అబ్బాయికి తెలియదా? పక్కనే ఉన్న పాతపట్నం పిల్లలు ఆంధ్రవాళ్లు కనుక శ్రీకాకుళం వెళ్లి ఆడుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవారు. మేము ఒడిశావాళ్లం కనుక పలాస దాకా బస్సులో వెళ్లి, అక్కడ రైలెక్కి, కటకమో భువనేశ్వరమో చేరి, నిద్ర కళ్లతో మొదటి రౌండుకు కూర్చునేవాళ్లం. అటువంటి చోట, బడిలో లెక్కలు చెప్పి అలసి వచ్చిన మనిషి ప్రతి సాయంత్రం వీధి అరుగు మీద బల్లలు వేయించి, ఏళ్ల తరబడి పిల్లలకు ఆట నేర్పితే, ఆ శ్రమను పతకాల లెక్కతో తూచడం అన్యాయమని నాకు గట్టిగా అనిపించింది. పతకాల మాట అటుంచితే, గురువు వేసే అంచనాకు కూడా అంత విలువ ఇవ్వనక్కరలేదు. పన్నెండేళ్ల కార్పోవ్‌ను చూసి, ఈ పిల్లవాడికి ఆట తెలియదు, ఇందులో ఇతనికి భవిష్యత్తు లేదన్నవాడు సాక్షాత్తూ అతని గురువు, తానూ ప్రపంచ విజేతగా నిలిచిన బొత్విన్నిక్. ఆ పిల్లవాడే 1975లో ప్రపంచ విజేత అయ్యాడు, బొత్విన్నిక్ ఇచ్చిన ఇంటి పని తనకు ఎంతో మేలు చేసిందని తరువాత రాసుకున్నాడు కూడా. అంచనా తప్పింది, ఇంటి పని మాత్రం నిలిచింది.

మాస్టారి ఇంటి పని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన వేళ్లకు అంటిన ఊదా రంగు సిరా. పావుల బొమ్మలున్న రబ్బరు స్టాంపుల పెట్టె ఒకటి ఆయన దగ్గర ఉండేది. చీకటి పడ్డాక కూర్చుని, ఒక్కొక్క పావునూ స్టాంపు ప్యాడ్ మీద అద్ది, గళ్ల కాగితం మీద ఒత్తి, మర్నాటికి మా అందరికీ తలా ఒక స్థితి, అంటే ఆట మధ్యలో పావులు నిలిచిన తీరు, తయారు చేసేవారు. సెలవుల్లో నేను టెక్కలిలో అమ్మమ్మగారింట్లో ఉంటే పోస్టుకార్డు మీద ఒత్తి పంపేవారు. జవాబు కాగితం మీద రాయాలే తప్ప, ఆలోచించేటప్పుడు బల్ల మీద పావు కదపకూడదు. కోచ్ విష్ణు ప్రసన్న చిన్నప్పటి గుకేశ్‌ను ఏళ్ల తరబడి ఎత్తులు లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ఇంజిన్ ముట్టనివ్వలేదని, 2024 డిసెంబరులో అతను సింగపూర్‌లో ప్రపంచ విజేత అయినప్పుడు చదివాను. చదవగానే నాకు ఆ పోస్టుకార్డులే కళ్ల ముందు మెదిలాయి.

భువనేశ్వర్‌లో ఒకసారి, ఇద్దరికీ చెరో ఏనుగు మిగిలి, నాకు ఒక బంటు ఎక్కువ ఉండి కూడా నేను ఆటను డ్రా చేసుకున్నాను. తిరుగు రైలులో మాస్టారు ఓదార్చలేదు, కోప్పడలేదు, అయస్కాంతం పావుల చిన్న బల్ల తీసి ఒళ్లో పెట్టారు. నా బంటు ఏడో వరుసలో ఉంది, దాని ముందు గడిలో నా రాజే ఇరుక్కుని ఉన్నాడు, రాజు బయటికి వస్తే చాలు ఎదుటి ఏనుగు చెక్ మీద చెక్ ఇస్తోంది. "నీ ఏనుగును నాలుగో వరుసకు తీసుకురా, తరువాత చూడు" అన్నారు. రాజు చెక్‌లు తప్పించుకుంటూ కిందికి దిగి వచ్చేసరికి, నాలుగో వరుసలో ఉన్న ఏనుగు అడ్డుకు వచ్చి ఆఖరి చెక్‌ను ఆపేసింది, బంటు మంత్రి అయిపోయింది. దాన్ని వంతెన కట్టడం అంటారని చెప్పి, నా చేత తెల్లపావులతో ఒకసారి, నల్లపావులతో ఒకసారి పలాస వచ్చేదాకా ఆడించారు. ఈ స్థితిని స్పెయిన్ రచయిత లూసెనా పేరుతో పిలిచినా 1497 నాటి ఆయన పుస్తకంలో ఇది లేదనీ, 1634లో వచ్చిన సాల్వియో పుస్తకంలో ఉందనీ కూడా ఆ రైలులోనే చెప్పారు.

ఇంతవరకూ రాశాక, సంచిక అట్ట మీద వేయబోతున్న వాక్యం గుర్తొచ్చి నా కోపం అటు మళ్లింది. "మాస్టారు మాకు నేర్పింది చదరంగం కాదు, జీవితం" అన్నది ఆ వాక్యం. సాయంత్రం వినగానే బాగుందనే అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, పతకాల జాబితా కంటే ఈ వాక్యమే ఆయనకు ఎక్కువ అన్యాయం చేస్తుందనిపిస్తోంది. ఆయన నేర్పింది చదరంగమే. ఓర్పు గురించి గాని, గెలుపోటముల గురించి గాని ఆయన ఒక్కనాడూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఏనుగును ఏ వరుసలో పెట్టాలో చెప్పారు, ఎందుకు పెట్టాలో మా చేతే చెప్పించారు. పైగా ఆయనకు ఫలితాల మీద ఆశ లేదనుకోవడం కూడా మనం కల్పించుకున్న మాటే. మాలో ఒక్కరికైనా ఫిడే రేటింగ్, అంటే అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఇచ్చే అంకె, రావాలని ఆయన ఎంతగానో కోరుకున్నారు. ఈనాటిలా 1400 నుంచి మొదలయ్యే జాబితా కాదది, అందులో చోటు కావాలంటే రెండువేల దరిదాపుల ఆట ఆడాలి. జిల్లా పోటీల ఫలితాలు పేపర్లో ఏ మూల వచ్చినా కత్తిరించి ఫైలులో అంటించేవారు. ఆ ఫైలు చేసిన మనిషికి మొదటి పేజీలో తన పిల్లల పేర్లు చూసుకోవాలని ఉండదా?

అందుచేత పేర్లు రేపు పొద్దున్నే పంపిస్తాను, మూడో స్థానం వచ్చినవాళ్లవి కూడా. అట్ట మీది వాక్యం తీసేయమని అడుగుతాను. నా పేజీలో మాత్రం ఆ రైలు నాటి స్థితినే ఇస్తాను, తెల్లపావులు గెలవాలి అన్న ఒక్క వాక్యంతో. ప్రెస్సువాళ్లకు గళ్ల బొమ్మ కష్టమంటే నేనే గీసి ఇస్తాను గాని, బొమ్మ తీసేసి నా పేజీ వేయడానికి ఒప్పుకోను.