42 ఎత్తుల ఆట

నిన్న రాత్రి మా అమ్మాయి, నేను చదరంగం బల్ల ముందు పెట్టుకుని, 2002 సెప్టెంబరులో మాస్కోలో హంగేరీ క్రీడాకారిణి జుడిట్ పోల్గార్, అప్పటి ప్రపంచ నంబర్ వన్ గ్యారీ కాస్పరోవ్‌ను ఓడించిన ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగించే) ఆటను ఒక్కో ఎత్తే వేసి చూశాము. ఎనిమిదో ఎత్తుకే మంత్రులు రెండూ బల్ల దిగిపోయి, కోట కట్టుకునే, అంటే ఏనుగు చాటున ఓ పక్కకు చేరి తలదాచుకునే వీలు పోయిన కాస్పరోవ్ నల్లరాజు నడిమధ్యన చిక్కుకున్నాడు. ఆమె తెల్ల ఏనుగులు ఏమాత్రం తొందర లేకుండా అతని మీదికి వచ్చిన తీరు చూస్తుంటే నాకు మాట రాలేదు. రెండు బంట్లు నష్టపోయి, 42వ ఎత్తు దగ్గర కాస్పరోవ్ ఓటమిని ఒప్పుకున్నాడు. స్త్రీలకే పరిమితమైన పోటీలకు దాదాపు దూరంగా ఉండి, అందరితోనూ ఆడుతూ ఎదిగిన క్రీడాకారిణి ఆమె. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి కూడా అదే 2002లో, 15 ఏళ్లకే, పురుషులకున్న అర్హతలతోనే చదరంగంలో అత్యున్నత బిరుదైన గ్రాండ్‌మాస్టర్ అయిందని చెప్పగానే, మా అమ్మాయి బల్ల తిప్పి తెల్లపావులు తన వైపు పెట్టుకుంది.