లింకన్ పార్టీ గురించి పిల్లలు అడిగితే

అమెరికాలో చదివే పిల్లలకు సివిల్ వార్ పాఠం మొదలైతే ఇంట్లో ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది: "బానిసత్వం తీసేసింది రిపబ్లికన్లే కదా, మరి నల్లజాతివాళ్లు ఎక్కువమంది డెమోక్రాట్లకే ఎందుకు వేస్తారు?" వాట్సాప్‌లో తిరిగే జవాబులు రెండు. లింకన్ పార్టీకి, అంటే రిపబ్లికన్లకు, జాతి వివక్ష అంటగట్టడమే అబద్ధం అనేది ఒకటి, పార్టీలు రెండూ రాత్రికి రాత్రి తారుమారయ్యాయి అనేది ఇంకొకటి. రెంటినీ నమ్మొద్దు.

ముందు జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం మీద సెనేట్ ఓట్లను పిల్లల చేతే రాయించండి. అనుకూలం 73, వ్యతిరేకం 27. డెమోక్రాట్లు 46–21, రిపబ్లికన్లు 27–6. ఇక్కడ ఆపితే రిపబ్లికన్లదే పైచేయి. చాలా మెసేజ్‌లు ఆగేదీ ఇక్కడే! ఇప్పుడు పాత కాన్ఫెడరసీని, అంటే బానిసత్వం కోసం సివిల్ వార్‌లో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలను, విడగొట్టమనండి. అక్కడ డెమోక్రాట్లు 1–20, రిపబ్లికన్లు 0–1. మిగతా దేశంలో డెమోక్రాట్లు 45–1, రిపబ్లికన్లు 27–5. విడగొట్టాక రెండు చోట్లా డెమోక్రాట్ల శాతమే ఎక్కువ. స్టాటిస్టిక్స్ చదివే పిల్లలైతే ఇది సింప్సన్ పారడాక్స్ (మొత్తంలో ఒకలా కనిపించింది, విడగొడితే తిరగబడడం) అని వెంటనే పట్టేస్తారు. అసలు చీలిక పార్టీల మధ్య కాదు, ఉత్తర దక్షిణాల మధ్య.

వ్యతిరేకించిన ఆ అయిదుగురు రిపబ్లికన్లలో బారీ గోల్డ్‌వాటర్ ఒకరు, ఆ ఏడాది పార్టీ అధ్యక్ష అభ్యర్థి. 1957, 1960 పౌరహక్కుల చట్టాలను ఆయన సమర్థించారు. ప్రైవేటు వ్యాపారాల్లో కేంద్రం వేలు పెట్టకూడదన్నది 1964లో ఆయన వాదన. ఆయన ఉద్దేశం ఏదైనా, ఓట్లు ఎక్కడ రాలాయో చూడాలి. సొంత అరిజోనా కాక గెలిచినవి మిసిసిపీ, అలబామా, జార్జియా, లూసియానా, సౌత్ కరోలినా. 1948లో వర్ణ విభజన కోసమే అధ్యక్ష పదవికి నిలబడ్డ స్ట్రామ్ థర్మండ్ ఆ సెప్టెంబర్‌లోనే రిపబ్లికన్ అయ్యారు. తర్వాత రిపబ్లికన్ అధ్యక్షుడైన నిక్సన్ మనుషులు ఆ దక్షిణాది తెల్లవాళ్ల ఓట్లను లెక్క వేసుకునే పనిచేశారు.

అయినా మార్పు నత్తనడకే. 1976లో డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థి కార్టర్ వర్జీనియా తప్ప పాత కాన్ఫెడరసీ అంతా గెలిచారు. ప్రతినిధుల సభ (హౌస్) దక్షిణాది సీట్లలో రిపబ్లికన్లకు మెజారిటీ వచ్చింది 1994లో. 2005లో రిపబ్లికన్ పార్టీ ఛైర్మన్ కెన్ మెల్మన్ నల్లజాతివాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ సమావేశానికి వెళ్లి, జాతుల చీలికతో లాభపడాలని చూడడం తప్పేనని ఒప్పుకున్నారు.

మ్యాపులతో జాగ్రత్త. రిపబ్లికన్ ఎరుపు, డెమోక్రాట్ నీలం అన్న వాడుక స్థిరపడింది 2000 ఎన్నికతోనే. పాత టీవీ మ్యాపుల్లో రంగులు తిరగబడి ఉండొచ్చు, పక్కన రాసింది చదివించండి.

ఇదంతా మనకెందుకు అంటే, 1965 దాకా అమెరికాలో భారతీయులకు కోటా ఏడాదికి వంద మాత్రమే. ఆ కోటాలను తీసేసిన చట్టం వచ్చింది పౌరహక్కుల చట్టం వెనకాలే. ఈ గడ్డ మీద పుట్టిన వాళ్లకు పౌరసత్వమిచ్చే 14వ సవరణ రాసింది సివిల్ వార్ తర్వాతి రిపబ్లికన్లు. తల్లి హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే బిడ్డకు అది వర్తించదంటూ 2025 జనవరి 20న ఆదేశం ఇచ్చింది కూడా రిపబ్లికన్ అధ్యక్షుడే. ఆ ఆదేశానికి కోర్టులు అడ్డుపడ్డాయి. హైస్కూల్ పిల్లలుంటే సవరణ మొదటి వాక్యాన్నీ, ఆదేశాన్నీ పక్కపక్కన పెట్టి చదివించండి. వాదనంతా పుట్టినవాళ్లు అమెరికా "న్యాయపరిధి"కి లోబడి ఉండాలన్న షరతు చుట్టూ తిరుగుతుందని వాళ్లకే అర్థమవుతుంది.